సైటు నిక్షేపంలా ఉంది

బైండింగ్ షాపు, మేడ మీద గది
ఫిబ్రవరి 9

తమ్ముడికి,

ఇక నీతో ఫోన్‌లో మాట్లాడనని పోయిన నెల చెప్పాను. ఆ మాట మీదే ఉన్నాను. ఫోన్‌లో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. కాగితం మీద అడ్డు తగల్లేవు కదా, అందుకని ఈ ఉత్తరం. మెయిలు పెట్టొచ్చుగా అంటావేమో. పెట్టను. మెయిలుకి రెండు ముక్కల జవాబిచ్చి చేతులు దులుపుకుంటావు.

పిన్ని తుంటి ఆపరేషన్ బానే అయింది. మూడు నెలలు నర్సింగ్ హోంలో ఉంచి మెల్లగా నడిపించాలన్నారు. చేర్చాను. ఇంట్లో పెట్టుకోలేకపోయావా అని నువ్వు అరిచిన అరుపుకి నా చెవులు ఇంకా గింగురుమంటున్నాయి. మా గదికి పద్దెనిమిది మెట్లు. రోజూ నువ్వొచ్చి మోస్తావా?

అక్కడి నర్సులకి అన్నీ చెప్పాను. పిన్ని పుట్టు చెవిటిదని, బడి మొహం చూడలేదని, చదవడం రాదని, బడుల్లో నేర్పే సైగలు కూడా రావని చెప్పాను. మన షాపులో నలభై ఏళ్ళు పుస్తకాలు కుడుతూ తన సైగలు తనే కట్టుకుందని, అవి ఇంట్లోవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియవని చెప్పాను. మా తమ్ముడు ఆ సైగలన్నిటినీ వీడియో తీసి, ఒక్కోదాని కింద అర్థం రాసి, సైటులో పెట్టాడు, మొత్తం నూట అరవై రెండు, ఫోన్‌లో చూసుకోవచ్చు అని కాస్త గొప్పగానే చెప్పాను. సైటు అడ్రసు అట్ట ముక్క మీద పెద్దక్షరాలతో రాసి పిన్ని మంచం తల దగ్గర తగిలించాను.

అది తెరుచుకోవడం లేదుట. హెడ్ నర్సు చెప్పింది. నేనూ నా ఫోన్‌లో చూశాను. తెల్ల పేజీ వస్తోంది, దాని మీద ఏదో ఇంగ్లీషు లైను. సైటు పడిపోయిందేమో చూసి బాగు చెయ్యి. నన్ను వారానికి రెండు రోజులే రానిస్తారు, ఆదివారం, బుధవారం, సాయంత్రం రెండు గంటల సేపు. మిగతా రోజులు పిన్ని ఏమంటోందో తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు.

అక్క


మా ఇల్లు, కంప్యూటర్ బల్ల దగ్గర
ఫిబ్రవరి 17

అక్కగారికి,

ఉత్తరం అందింది. స్టాంపు అంటించి మరీ తిట్టే అక్క ఈ కాలంలో ఎంతమందికి ఉంటుంది. పెట్టి పుట్టాను.

ముందు నీ ఫిర్యాదు సంగతి. సైటు నిక్షేపంలా ఉంది. నీ ఉత్తరం చదివి మడత పెట్టకముందే కంప్యూటర్లో తెరిచాను. మొదటి పేజీలో పిన్ని కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. ‘ఆకలి’ నొక్కాను, వీడియో ఆడింది. ‘చలి’ నొక్కాను, అదీ ఆడింది. నా కంప్యూటర్ మీద నమ్మకం లేదంటావని మా ఆవిడ ఫోన్‌లో కూడా చూశాను. అందులోనూ ఆడింది. పదహారేళ్ళుగా నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్లన్నీ నా చేతి మీద నడుస్తున్నాయి. ఒక సైటు ఉందో పడిపోయిందో తేల్చడానికి నాకు అయిదు నిమిషాలు ఎక్కువ.

తప్పు అవతల ఉంది. వరసగా రాస్తున్నాను, వాళ్ళకి చదివి వినిపించు. అడ్రసు అక్షరం పొల్లు పోకుండా కొట్టమను. మధ్యలో ఖాళీ వదలొద్దను. తెల్ల పేజీ వస్తే ఫోను ఆపి మళ్ళీ వెయ్యమను. అప్పటికీ రాకపోతే ఫోన్‌లో దాచిపెట్టుకున్న పాత పేజీలన్నీ తుడిచెయ్యమను. అప్పటికీ రాకపోతే వాళ్ళకి నెట్ ఇచ్చినవాణ్ణి పిలిచి తిట్టమను. నన్ను మాత్రం వదిలెయ్యమను.

అట్ట మీద నువ్వే రాశానన్నావు. నీ చేతిరాత నాకు తెలియనిదా? పుస్తకాల వీపు మీద నువ్వు వేసే నంబర్లలో ఒకటేదో ఏడేదో ఆ పైవాడికే తెలియాలి. అడ్రసు ప్రింటు తీసి ఈ కవరులో పెడుతున్నాను. నీ అట్ట తీసేసి ఇది అతికించు.

ఇక మెట్లు. పద్దెనిమిది అని లెక్క చెప్పావు. కింద షాపులో ఒక మంచం పట్టదా? కాగితం కట్టలు పక్కకి జరిపితే భేషుగ్గా పడుతుంది. నీకు కట్టలు జరపడం కష్టమైంది, పిన్నిని జరపడం తేలికైంది. అదీ సంగతి.

తమ్ముడు


బైండింగ్ షాపు, కోత మిషను పక్కన
మార్చి 1

కంప్యూటర్ల ఆఫీసరు గారికి,

తమరు పంపిన ప్రింటు అతికించాను. అక్షరం పొల్లు పోలేదు. హెడ్ నర్సు ఫోన్‌లో కొట్టింది, తెల్ల పేజీ. నడక నేర్పే ఆయన ఫోన్‌లో కొట్టాడు, తెల్ల పేజీ. నా ఫోన్‌లో ఇప్పటికి ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు. నీ లెక్కన మేమందరం తెలివితక్కువ వాళ్ళం కాబట్టి ఎదురు వరసలో జిరాక్సు షాపాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కంప్యూటర్లోనూ తెల్ల పేజీయే. సైటు పడిపోయిందా లేదా అని చెప్పే సైటు ఒకటుందిట. అందులో మన అడ్రసు వేసి చూపించాడు. “అమ్మా, ఇది మీ ఒక్కరికే కాదు, అందరికీ పడిపోయింది” అన్నాడు. తెర మీద ఎర్రగా అదే రాసి ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం పిన్ని రెండు రోజులు తిండి ముట్టలేదు. ‘ఆహారం నిరాకరిస్తున్నారు’ అని ఫైల్లో రాసి, సెలైన్ పెట్టారు. ఆదివారం నేను వెళ్ళేసరికి పిన్ని చూపుడువేలితో దవడ కింద పొడుచుకుంటోంది. కట్టుడుపళ్ళు ఒరుసుకుని చిగురు పచ్చిపుండయింది. దబ్బనం గుచ్చుకున్నట్టు వేలితో పొడిస్తే నొప్పి అని, ఎక్కడ పొడిస్తే అక్కడ నొప్పి అని మనకి పాలు తాగే వయసు నుంచీ తెలుసు. నీ నూట అరవై రెండులో మొట్టమొదటిది అదే. “రెండు రోజుల నుంచి అలాగే పొడుచుకుంటున్నారు, అదో అలవాటేమో అనుకున్నాం” అంది నర్సు. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆమెకెలా తెలుస్తుంది?

బొమ్మలు గీసి చూశాను. చెయ్యి ఎటు నుంచి ఎటు కదలాలో బొమ్మలో రాదు. గీసి ఇచ్చినవి నర్సులు రెండు రోజులు చూసి పక్కన పడేశారు. అందుకని సైటు గొడవ తర్వాత తేల్చుకుందాం, ముందు ఆ వీడియోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు. అక్కడ హాల్లో పెద్ద టీవీ ఉంది, దానికి పెట్టి చూపిస్తారు.

షాపులో మంచం పట్టదా అన్నావు. పడుతుంది. బాత్‌రూమ్ మేడ మీద ఉంది. అది కూడా జరిపి ఇస్తావా?

అక్క


మా ఇల్లు, అదే బల్ల
మార్చి 8

అక్కకి,

ఈ కవరులో ఒక ఫోటో ఉంది, చూసుకో. ఈరోజు ఉదయం మా కంప్యూటర్ తెరని తీసింది. మూల తేదీ, టైము కనపడుతున్నాయి. మధ్యలో పిన్ని కనపడుతోంది. వీడియో ఆడుతోంది. ఇంతకన్నా రుజువు ఎక్కడైనా ఉంటుందా? పడిపోయిందా లేదా అని చెప్పే సైట్లను నమ్ముకునేవాడు జిరాక్సులే తీసుకోవాలి.

పెన్‌డ్రైవ్ పంపను. ఎందుకో చెబుతాను. అది ఎవరి డ్రాయరులోనో పడి ఉంటుంది, డ్యూటీ మారగానే మర్చిపోతారు. ఎవరి ఫోన్‌లో వాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవాలనే కదా నెలల తరబడి ఆదివారాలన్నీ ధారపోసి సైటు కట్టింది. బంగారంలాంటి సైటు ఉండగా పెన్‌డ్రైవ్ ఎందుకు?

పళ్ళ సంగతి రెండుసార్లు చదివాను. కానీ అక్కా, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నీకు ఆ సైటు మొదటి నుంచీ ఇష్టం లేదు. మూడేళ్ళ కిందట నేను కెమెరా పెట్టి పిన్నితో ఒక్కో సైగ చేయిస్తుంటే నువ్వు మూతి ముడుచుకుని జిగురు కలుపుతూ కూర్చున్నావు. పిన్ని ఏమన్నా అది నీ నోటి మీదుగానే రావాలి. ఆమెకి ఏం కావాలో, ఏం వద్దో, ఇన్నేళ్ళూ నువ్వు చెప్పిందే మాకు వేదం. మా ఇంటికి వచ్చి ఉండమని నేను అడిగితే, రానందని నువ్వు చెప్పావు. నేను ఎదురుగా లేను. అందో, అనలేదో. సైటు బాగా పనిచేస్తే నీ పెత్తనం పోతుంది. అందుకే నీకు తెల్ల పేజీలు కనపడుతున్నాయి.

తమ్ముడు


బైండింగ్ షాపు, మేడ మీద గది
మార్చి 16

తమ్ముడికి,

నీ ఉత్తరం చించి పొయ్యిలో పడేద్దామనుకున్నాను. పడెయ్యలేదు. అందులో సగం నిజం ఉంది కాబట్టి.

సైటు అంటే నాకు మంట. ఒప్పుకుంటున్నాను. నువ్వు పదిహేడేళ్ళకి హాస్టలుకి పోయావు. అమ్మ పోయాక నాన్న షాపులో ఎంత మాట్లాడేవాడో నీకు తెలుసు, రోజు మొత్తానికి పది మాటలు. నాకు కబుర్లన్నీ పిన్ని చేతులతోనే. వీధిలో ఎవరు ఎలా నడుస్తారో చేసి చూపించి నన్ను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది. అవి నాకొక్కదానికే చెప్పిన కబుర్లు అనుకునేదాన్ని. నువ్వొచ్చి వాటికి నంబర్లు వేసి నలుగురికీ పంచిపెడుతుంటే కడుపు మండింది. మీ ఇంటికి రానని ఆమే అంది. ఎందుకో కూడా చెప్పింది. అది నీకు రాయబుద్ధి కావడం లేదు.

ఇక విను. పన్నెండో తేదీన పిన్ని చేతులకి తొడుగులు వేశారు. దూది కుక్కిన సంచుల్లా ఉన్నాయి, మణికట్టు దగ్గర పట్టీ బిగించారు. మళ్ళీ సెలైన్ పెడితే సూది పీకేసిందిట, చేతులు విసిరితే ఆయా మొహానికి తగిలిందిట. ఆమె చేతులు విసరలేదురా. మాట్లాడింది. ఎవరూ పలక్కపోతే గట్టిగా మాట్లాడింది. మనం అరవమూ? అంతే.

నిన్న ఆదివారం నేను వెళ్ళాక తొడుగులు విప్పారు. రెండు గంటలు చేతులు ఆపలేదు. ఏమేం చెప్పిందో అన్నీ రాస్తే నువ్వు తట్టుకోలేవు. టైమైపోయింది, మళ్ళీ తొడిగారు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగి చూస్తే ఆ సంచులు రెండూ పైకెత్తి ఊపుతోంది. ఏమందో నాకు కూడా అర్థం కాలేదు.

ఏప్రిల్ నాలుగున పదకొండు గంటలకి పెద్ద డాక్టరు అందరి ఫైళ్ళూ చూస్తాడు. నేను లేని రోజుల్లో కూడా పిన్ని చెప్పేది వాళ్ళ మనుషులకి తెలిసే మార్గం ఏదైనా ఉందని చూపిస్తే తొడుగులు తీసేస్తామన్నారు. లేకపోతే ఉంచేస్తారు. ఇంత చిన్న సంగతి మీద ఇప్పుడు ఆమె చేతులు ఆధారపడి ఉన్నాయి, ఆ సైటు తెరుచుకుంటుందా లేదా అని.

ఒక్క పని చెయ్యి. ఆ ఇల్లు దాటి బయటికి పోయి, ఎవరిదో ఒక పరాయి ఫోన్‌లో ఆ అడ్రసు కొట్టి చూడు. పెద్ద పని కాదు. వీధి చివరికి నడిస్తే చాలు.

అక్క


మా ఇల్లు
మార్చి 22

అక్కకి,

తొడుగులా? ఎవరిచ్చారు ఆ అధికారం? ఇంట్లోవాళ్ళ సంతకం లేకుండా మనిషి చేతులు కట్టెయ్యడం కుదరదు. ఎవరు పెట్టారు సంతకం? నేను పెట్టలేదు. ఇక ఉన్నది నువ్వే. దీనికి సూటిగా జవాబు రాయి, డొంకతిరుగుడు వద్దు.

బయటికి పోయి చూడమన్నావు. అంటే పదహారేళ్ళ ఉద్యోగం చేసినవాడు వీధిలో పోయేవాణ్ణి ఆపి, బాబూ నా సైటు ఉందా పోయిందా చెప్పు అని అడుక్కోవాలి. నేను రోజూ చూస్తున్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు కూడా చూశాను. ఉంది. నిక్షేపంలా ఉంది.

నాలుగో తేదీన డాక్టరు ఎదురుగా, అందరూ చూస్తుండగా తెరిపించు. ముందుగా ఎవరితోనూ ఏమీ అనకు, అక్కడే తెరిపించు. ఆస్పత్రుల్లో డాక్టర్ల గదిలో నెట్ బాగుంటుంది, నర్సుల ఫోన్లలాగా ఉండదు. తెరుచుకోకపోతే సగం మీసం తీయించుకుని ఆ సగంతోనే ఆఫీసుకి పోతాను. రాసి ఇస్తున్నాను, దాచుకో.

నేను రాలేను. ఆ వారం ఆఫీసులో యంత్రాలన్నీ మారుస్తున్నాం. నేను లేకపోతే నగరంలో సగం మందికి బిల్లులు వెళ్ళవు.

తమ్ముడు


బైండింగ్ షాపు
మార్చి 29

తమ్ముడికి,

పిన్ని మీ ఇంటికి ఎందుకు రానందో ఇప్పుడు రాస్తాను. బిల్లుల మాట చదివాక రాయబుద్ధయింది. కిందటిసారి మీ ఇంట్లో వారం ఉంది కదా. అందరూ తలో తెరా పట్టుకుని కూర్చుంటారుట. తను చెయ్యెత్తితే తల తిప్పేవాళ్ళే లేరుట. పోయి భుజం తట్టి పిలవాల్సి వచ్చేదిట, నిన్ను కూడా.

పద్దెనిమిదో తేదీ బుధవారం తొడుగులు విప్పితే ఒక గంట మాట్లాడింది. ఇరవై అయిదున విప్పితే నాలుగంటే నాలుగు సైగలు చేసింది. దుప్పటి, నీళ్ళు, ఇంటికి, ఇంటికి.

ఇవాళ ఏమీ అనలేదు. అలసిపోయిందేమో అనుకుని పక్కన కూర్చుని వచ్చేశాను.

నాలుగో తేదీన డాక్టరు ముందు సైటు తెరవమంటాను. నువ్వింత గట్టిగా చెబుతున్నావంటే ఈలోపు ఏదో సరిచేసే ఉంటావని అనుకుంటున్నాను. ఇంకో దారి నువ్వు నాకు మిగల్చలేదు. సంతకం సంగతి తర్వాత రాస్తాను.

అక్క


మా ఇల్లు
ఏప్రిల్ 6

అక్కా,

నిన్నటి నుంచి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తనని ముందే చెప్పావు. అందుకని రాస్తున్నాను, పోస్టులో కాకుండా మనిషి చేత పంపుతున్నాను.

నిన్న ఉదయం సెలూన్‌కి వెళ్ళాను. నాలుగో తేదీ గడిచిపోయింది, నీ దగ్గర్నుంచి తిట్టు రాలేదు, గెలిచాననే అనుకున్నాను. సెలూన్ ఆయన నాకు పాతికేళ్ళుగా తెలుసు. ఇవాళ మీసం జాగ్రత్తగా కత్తిరించు, పందెంలో గెలుచుకున్న మీసం అని నవ్వుతూ సంగతంతా చెప్పాను. ఏదీ ఆ సైటు, నన్నూ చూడనివ్వండి అన్నాడు. నా ఫోన్ తీసి కొట్టాను. తెల్ల పేజీ. సిగ్నల్ లేదనుకున్నాను. ఆయన ఫోన్ తీసుకుని కొట్టాను. తెల్ల పేజీ. పక్క కుర్చీలో పెద్దాయన ఫోన్ అడిగి పుచ్చుకున్నాను. మెడకి కట్టిన గుడ్డతోనే వీధిలోకి వచ్చి పోయేవాళ్ళని ఆపి ఆపి అడిగాను. నువ్వు చెయ్యమన్నది అదే కదా. అడుక్కోవడం అన్నాను కదా. అడుక్కున్నాను.

ఏం జరిగిందో చెబుతాను. సైటు కట్టే రోజుల్లో పని త్వరగా అవుతుందని దాని నకలు ఒకటి మా ఇంట్లో, బల్ల కింద ఉన్న పెట్టెలో పెట్టుకున్నాను. ఈ ఇంట్లో ఏ కంప్యూటరైనా ఏ ఫోనైనా ఆ అడ్రసు అడిగితే బయటికి పోకుండా ఆ పెట్టెలో ఉన్న నకలునే చూపించాలని ఒక లైను రాశాను. పని పూర్తయ్యాక ఆ లైను కొట్టెయ్యాలి. కొట్టెయ్యలేదు. మూడేళ్ళుగా నేను చూస్తున్నది నా కాళ్ళ దగ్గర ఉన్న నకలుని. మా ఆవిడ ఫోన్‌లో చూసినా అదే, ఫోటో తీసి నీకు పంపినా అదే. అసలు సైటు ఉన్న కంపెనీవాళ్ళు పాత యంత్రాలు తీసేస్తూ, మీది వేరే చోటికి మార్చుకోండని మూడుసార్లు రాశారు. నేను చూడటం మానేసిన పాత మెయిలుకి రాశారు. అది పడిపోయి ఏడు నెలలైంది. ఈ ప్రపంచంలో ఆ సైటు నా ఒక్కడికే తెరుచుకుంటోంది. ఈ తప్పు మా ఆఫీసులో ఇంకెవరైనా చేసి ఉంటే నెల రోజులు నలుగురి ముందూ పెట్టి ఏడిపించేవాణ్ణి.

నిన్న మధ్యాహ్నానికి సైటు కొత్త చోట పెట్టాను. బయటికి వెళ్ళి అయిదుగురి ఫోన్లలో చూశాను. నర్సింగ్ హోంకి ఫోన్ చేస్తే హెడ్ నర్సు తన ఫోన్‌లో తెరిచి, ఆడుతోందండీ అంది. నాలుగో తేదీన ఏమైందని అడిగితే మీ అక్కగారిని అడగండి అంది.

పెన్‌డ్రైవ్ ఇందులో ఉంది. మీసం మొత్తం తీయించేశాను, దానివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు.

ఏం జరిగిందో రాయి. ఎంత తిట్టాలనుంటే అంతా తిట్టి రాయి.

తమ్ముడు


బైండింగ్ షాపు, మేడ మీద గది
ఏప్రిల్ 20

తమ్ముడికి,

రెండు వారాలు ఊరుకున్నాను. కోపంలో రాయకూడదని ఆగాననుకోకు. కోపం అలాగే ఉంది. ఏం రాయాలో తెలియలేదు.

నాలుగో తేదీన డాక్టరు మాకు పావుగంట ఇచ్చాడు. ఆయన కంప్యూటర్లోనే అడ్రసు కొట్టాడు. తెల్ల పేజీ. నేను సంచీలోంచి నీ ఫిబ్రవరి ఉత్తరం తీసి పైకి చదివాను. అక్షరం పొల్లు పోకుండా కొట్టండి అని చదివాను, కొట్టారు. మధ్యలో ఖాళీ వదలొద్దని చదివాను, వదల్లేదు. ఆపి మళ్ళీ వెయ్యమని చదివాను, ఆపి వేశారు. దాచుకున్న పాత పేజీలు తుడిచెయ్యమని చదివాను, హెడ్ నర్సు అదీ చేసింది. ఆ కంప్యూటర్ మళ్ళీ మొదలవడానికే అయిదు నిమిషాలు పట్టింది. ఆ గదిలో నలుగురు మనుషులు నీ ఉత్తరం చెప్పినట్టల్లా ఆడారు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. నేను లేచి, నా చేతులతో నేనే మూడు సైగలు చేసి చూపించాను. “మీకు తెలుసమ్మా, బాగుంది. మీరు లేనప్పుడు?” అన్నాడు. తొడుగులు ఉంచమని రాశాడు.

సంతకం నాదే. చేర్చిన రోజు ఆరు పేజీలు చేతిలో పెట్టారు. ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వరసగా ఉన్నాయా అని చూశాను. తలకిందుల పేజీ లేదు, మడత సరిగ్గా ఉంది. సంతకం పెట్టేశాను. ముప్పై ఏళ్ళుగా నేను కాగితం చూసే తీరు అదే, ఏం రాసుందో చదువుతూ కూర్చుంటే బైండింగ్ సాగదు. అవసరమైతే చేతులు కట్టడానికి అంగీకరిస్తున్నాను అని నాలుగో పేజీలో ఉంది. నువ్వు అడిగావు, సూటిగా రాశాను.

తొమ్మిదో తేదీన తొడుగులు తీసేశారు. అది హెడ్ నర్సు పుణ్యం. సైటు తెరుచుకోగానే తన మనుషులందర్నీ కూర్చోబెట్టి చూపించి, తనే డాక్టరు వెంటపడి ఒప్పించింది. మొత్తం ఇరవై ఎనిమిది రోజులు ఉన్నాయి అవి.

ఇప్పుడు నర్సులకి పాతిక సైగలు దాకా వచ్చాయి. పొద్దున్నే ఒకమ్మాయి వచ్చి పిన్ని ఎదురుగా నిలబడి ఆకలా అని చేస్తుంది. ఇంకొకమ్మాయి దబ్బనం పొడిచినట్టు పొడిచి, ఎక్కడ నొప్పి అని అడుగుతుంది. కొన్ని తప్పు చేస్తారు, కానీ ఎంత ముద్దుగా చేస్తారో. నీ సైటు చూసే నేర్చుకున్నారు, ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

పిన్ని వాళ్ళ చేతుల వంక చూస్తుంది. తన చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది.

ఆదివారం వెళ్ళాను, బుధవారం వెళ్ళాను, నిన్న మళ్ళీ వెళ్ళాను. మణికట్లు లాగేదాకా మాట్లాడాను. వీధిలో ఎవరెలా నడుస్తారో చేసి చూపించాను. నా మొహం వంక చూసింది, అంతే. చేతులకి ఏమీ కాలేదు, అన్నీ చూశాం అన్నాడు డాక్టరు. చెంచా తనే పట్టుకుంటుంది, బొత్తాలు తనే పెట్టుకుంటుంది. మాటకే చెయ్యి లేవడం లేదు. ఓపిక ఉన్నన్ని రోజులు పిలిచింది, ఎవరూ పలకలేదు. ఇక అనవసరం అనుకుని మానేసింది. నాకు అలాగే అనిపిస్తోంది.

నిన్ను క్షమించలేదు. నన్ను నేనూ క్షమించుకోలేదు. వాటికి తర్వాత బోలెడు టైముంది.

వచ్చే ఆదివారం రా. ఉత్తరం రాయకు, ఫోన్ చెయ్యకు, వస్తువులేమీ పంపకు. నువ్వు రా. ఫోన్ నా దగ్గర పెట్టి, వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చో. నువ్వేం చేశావో, నేనేం చేశానో, ఏదీ దాచకుండా నీ చేతులతో మొత్తం చెప్పు. నిన్ను తిట్టడానికైనా చెయ్యెత్తుతుందేమో చూడాలి.

అక్క